ఫిలాసఫీ ఎత్తేస్తే బతికిపోతాం!

మా మనవరాలి కాలేజీలో ఫిలాసఫీ కోర్సు ఎత్తేస్తున్నారు. ఇంతకంటే శుభవార్త ఈ మధ్య నేను చదవలేదు. అక్షరాలు అరవై దాటాక నేర్చుకున్నదాన్ని కాబట్టి, కంటబడిన ఏ కాగితాన్నీ వదలను. కాలేజీవాళ్లు ఇంటికి పంపిన నోటీసును మూడుసార్లు చదివాను.

కోర్సులో కనీసం పదిహేను మంది ఉండాలట. పద్నాలుగు మందే ఉన్నారట. శుక్రవారంలోగా ఇంకొకరు చేరకపోతే కోర్సు రద్దు. ఉన్నవాళ్లను బిజినెస్ మేనేజ్‌మెంట్‌కు మారుస్తారు.

ఎంత చల్లటి కబురు! ఫిలాసఫీ చదివే పిల్లతో ఒకే ఇంట్లో ఉండి చూస్తే మీకే తెలుస్తుంది.

మా అబ్బాయి లిఫ్టు మెకానిక్. ఏడంతస్తుల బిల్డింగులో మూలపడ్డ ముప్ఫై ఏళ్లనాటి లిఫ్టును మళ్లీ నడిపించానని ఒకరోజు భోజనం దగ్గర గొప్పగా చెప్పుకున్నాడు.

"ఏమేం మార్చావు నాన్నా?" అంది మనవరాలు.

"తాళ్లు, మోటారు, తలుపులు. ఆఖరికి క్యాబిన్ కూడా మార్చేశాం తల్లీ."

"మరి ఇంకా పాత లిఫ్టే అని ఎలా అంటున్నావు?"

మావాడి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మర్నాడు రిపోర్టులో 'పాతది', 'కొత్తది' అన్న రెండు గళ్లలో దేనికి టిక్కు పెట్టాలో తేలక, లిఫ్టు ఆపేసి మధ్యాహ్నం దాకా అందులోనే కూర్చున్నాడట! ఏడో అంతస్తువాళ్లు కూరగాయల సంచులు మోసుకుంటూ మెట్లెక్కారు. జనం మోకాళ్లు అరగదీసే చదువు మనకు అవసరమా?

మా కోడలు పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. "ఎదుటివాళ్ల నొప్పి నిజమని నీకెలా తెలుసమ్మా?" అని మనవరాలు ఆమెను అడిగింది. అప్పటినుంచి బుగ్గ వాచి వచ్చినవాళ్లను కూడా మా కోడలు అనుమానంగానే చూస్తోంది.

నన్ను మాత్రం వదిలిందా?

"నానమ్మా, తాతయ్య వద్దన్నాడు కాబట్టే కదా నువ్వు చదువుకోలేదు. వద్దనడం తప్పని ఆయనకు తెలియకపోతే, అది ఆయన తప్పు అవుతుందా?"

పోయిన మనిషి గురించి అడగాల్సిన మాటేనా? ఆ రోజంతా ఆలోచించాను. నా తరఫున నేనే మాట్లాడాను, ఆయన తరఫునా నేనే మాట్లాడాను. నలభై ఏళ్లు కాపురం చేశాం గానీ, మా ఇద్దరి మధ్య చర్చ అంటూ జరగడం అదే మొదలు. ఇంకా తేలలేదు.

నోటీసు వచ్చినప్పటినుంచి ఇల్లు ప్రశాంతం. "ఉప్పు ఇటివ్వు" అంటుంది మనవరాలు, తింటుంది, లేచిపోతుంది. ఫ్రిజ్ చప్పుడు కూడా స్పష్టంగా వినిపిస్తోంది. మొన్న మా అబ్బాయి ఇంకో లిఫ్టులో ఏమేం మార్చాడో ఒక్కొక్కటే చెప్పి, కూతురి ముఖంలోకి చూశాడు. అది మంచినీళ్లు తాగింది. పాపం, వాడు మళ్లీ మొదటినుంచి చెప్పాడు.

ఇంత మేలు చేసినవాళ్లకు కృతజ్ఞతలు చెప్పొద్దూ? శుక్రవారం కాలేజీకి వెళ్లాను. మూడో నంబరు కౌంటరు దగ్గర క్యూలో ఊరికే నిలబడటం దేనికని ఒక ఫారం తీసుకుని నింపాను. కోర్సు అన్నచోట ఫిలాసఫీ అని రాశాను. విద్యార్హత అన్నచోట 'ఇంకా చదువుతున్నాను' అని రాశాను. అబద్ధం ఏముంది?

గుమాస్తా చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ఎవరికి మామ్మగారూ?"

"నాకే బాబూ. పదిహేనోదాన్ని."

"సర్టిఫికెట్ లేకుండా చేర్చుకోమండీ. రూలు."

"ఎందుకు?"

"రూలు కాబట్టి."

"అది రూలు ఎందుకైంది నాయనా?"

అతను సూపరింటెండెంటు వైపు చూశాడు. ఆయన ప్రిన్సిపాల్ గది వైపు చూశాడు. ఆ గది తలుపు లోపలినుంచి గడియ పడింది. నా వెనక క్యూ గేటు దాకా పెరిగింది. చివరికి సూపరింటెండెంటే కిటికీ దగ్గరికొచ్చాడు.

"అమ్మా, మీకు దణ్ణం పెడతాను. సోమవారం దాకా గడువు పొడిగిస్తున్నాం. ముందు మీరు పక్కకు జరగండి!"

అదీ సంగతి. అంత పెద్ద చదువులున్న ఆఫీసును పదిన్నరకల్లా స్తంభింపజేసిన సబ్జెక్టు ఇది. ఎత్తేయాల్సిందే! మా పిల్ల హాయిగా మేనేజ్‌మెంట్ చదివి, అలాంటి కిటికీ వెనకే కుర్చీ సంపాదించి, జీవితాంతం 'రూలు' అనే ఒక్క జవాబుతో సుఖంగా బతకాలి.

అందుకే నా మనవి. సర్టిఫికెట్ ఉన్నవాళ్లెవరూ సోమవారం సాయంత్రం నాలుగింటిలోగా మూడో నంబరు కౌంటరు ఛాయలకు రావద్దు. వస్తే పద్నాలుగు ఇళ్లలో మళ్లీ అన్నం ముద్దలు చేతుల్లోనే ఉండిపోతాయి. పొరపాటున ఎవరైనా వస్తారేమోనని, పొద్దుటినుంచే అక్కడ బెంచీ మీద కాపలా కూర్చుంటాను. నా దగ్గర ఒక ఫారం ఉంటుంది. అన్ని గళ్లూ నింపేశాను. మీ పేరు, సంతకం మాత్రమే ఖాళీ.