గడప దాటని జీను

పుదుచ్చేరి నెల్లితోపులోని వరదరాజన్ గారి వంశంలో రొమ్ము క్యాన్సర్ లేదని 2008లో కుటుంబ సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. అధ్యక్షురాలు వారి తల్లి మీనాంబాళ్. ఆ రోగంతోనే పోయిన తన ఇద్దరు కూతుళ్ల పటాలకు పూలు మార్చి వచ్చి మరీ ఆమె చెయ్యెత్తారు. వాళ్లిద్దరూ జ్వరంతో పోయారన్నది అధికారిక ప్రకటన.

ఈ తీర్మానానికి కారకురాలు వరదరాజన్ గారి భార్య తాయారు. బరువు తగ్గే ఆపరేషన్ కోసం వెళితే, డాక్టరు పొట్ట సంగతి చూడక పుట్టింటి రోగాల సంగతి అడిగాడు. తల్లికి చివరి రోజుల్లో కట్లు కట్టింది తానే గనుక తాయారు జ్వరమని చెప్పలేకపోయింది.

"బరువు తగ్గితే ముప్పు కొంత తగ్గొచ్చు. కానీ తరతరాలుగా రక్తంలో వచ్చే జీనులోనే తేడా ఉంటే అది ఈ ఆపరేషన్‌తో పోదు. రక్తపరీక్ష చేయించుకోండి. మీ అమ్మాయికీ అవసరం పడొచ్చు," అన్నాడు డాక్టరు.

ఆపరేషన్‌కు సభ వెంటనే ఆమోదం తెలిపింది. కూతురు ప్రీతిక పెళ్లి ఫొటోల్లో అందరికీ చోటు దొరకాలన్నది సదాశయం. పరీక్షను మాత్రం నిషేధించింది. ఏదైనా తేలితే సంబంధాలు రావు కదా!

"అది నీ అమ్మ వైపు రోగమే. మా రక్తంలో యాడుండాది?" అని వరదరాజన్ గర్జించారు.

"మా అమ్మ నీ అక్క గదా మామా," అంది తాయారు.

అరియాంకుప్పం పొలం బయటివాళ్ల పాలు కాకూడదని ఆ వంశంలో మూడు తరాలుగా మేనకోడళ్లనే చేసుకుంటున్నారు. సభ ఇరకాటంలో పడింది. మీనాంబాళ్ ఆదుకున్నారు.

"కల్యాణమైనాక కూతురు పరాయిది. దాని రోగమూ పరాయిదే!"

ఆపరేషన్ జరిగింది. తాయారు సగమైంది. వీధి ఆడవాళ్లంతా వచ్చి డాక్టరు చిరునామా అడిగారు. ముప్పు తొలగిపోయిందని వరదరాజన్ ప్రకటించి, రెండో తీర్మానం పెట్టారు. బయటి సంబంధమైతే ఆరాలు తీస్తారు గనుక, ప్రీతికను తాయారు తమ్ముడు గురుకే ఇవ్వాలట.

తాయారుకు ఒళ్లు మండింది. వదులైపోయిన జాకెట్టుకు పిన్నీసు పెట్టుకుని లేచింది.

"పొలం మాదిరే ఈ రోగాన్ని గూడా బయటికి పోకుండా కాపాడతా ఉండారే, మామా!"

కూతురి చెయ్యి పట్టుకుని రక్తపరీక్షకు బస్సెక్కింది. వంశం పరువు తీసిన ఆ పనిని సభ తీవ్రంగా ఖండించింది.

పాఠకులు కంగారు పడనక్కరలేదు. మీ వంశంలో అలాంటిదేమీ ఉండదు. అనుమానముంటే మీ మేనత్త దేనితో పోయిందో ఇంట్లో అడిగి చూడండి. జ్వరమనే చెబుతారు.