పగటి దీపం

శుక్రవారం పదకొండింటికి అక్క హయా వీడియో కాల్ చేస్తుందని ముదీకి కబురొచ్చింది. అక్క ఉండేది గంట దూరంలో, జహ్రా పట్టణంలోనే. అయినా తల్లి వదిలిపోయిన కాఫీ కూజా ఎవరిదన్న పంతంతో ఇద్దరూ మూడేళ్లుగా ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

"నేనేడిస్తే ఎవరూ చూడకూడదు. కారవాన్ తలుపులేసుకుని మాట్లాడతా," అంది ముదీ.

చలికాలం విడిది కోసం ఎడారిలో నిలిపిన ఆ చక్రాల రేకు ఇల్లు, కారవాన్ లోపల ఫోన్‌కి ఒక్క గీత కంటే ఎక్కువ పడదు. భర్త ఫలాహ్ సిగ్నల్ పెంచే యంత్రం కొనుక్కొచ్చాడు. పొద్దున్నే దాని యాంటెన్నాను విడిది ముందున్న దీపస్తంభం కొసన బిగించి, కరెంటు దీపం తీగ నుంచే తీసుకున్నాడు. మీట నొక్కగానే దీపమూ వెలిగింది.

ఆ ఇసుకలో స్తంభం మీద దీపం వెలిగిందంటే, కాఫీ సిద్ధంగా ఉంది రమ్మని అర్థం. పట్టపగలు వెలిగిందంటే ఏదో పెద్ద శుభకార్యమే అయి ఉంటుందని పక్క విడిది దుఐజ్ నలుగురు తమ్ముళ్లను వెంటేసుకుని వచ్చాడు. గుమ్మంలోకొచ్చిన అతిథిని ఎందుకొచ్చావని అడిగే అలవాటు ఫలాహ్ వంశంలో లేదు. విశేషమేమిటని ముందుగా అడిగే అలవాటు దుఐజ్‌కూ లేదు.

"దేవుడు చల్లగా చూడాలి, అబూ గాజీ," అన్నాడు దుఐజ్, ఫలాహ్‌ను పెద్దకొడుకు పేరుతో మర్యాదగా పిలుస్తూ.

"మిమ్మల్నీ చూడాలి," అన్నాడు ఫలాహ్, ఏమీ అర్థం కాక.

పదిన్నరకల్లా పద్దెనిమిది కార్లు, ఒక పొట్టేలు వచ్చాయి. ఆడవాళ్లంతా కారవాన్‌లోకి ఎక్కారు.

"దీపం ఆర్పవయ్యా," అని ముదీ భర్త చెవిలో గొణిగింది.

"అతిథులుండగా దీపం ఆర్పితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

తల్లి కూజాతో కాఫీ పోస్తూ పోస్తూ, నిలబడే చోటు లేక ముదీ గుమ్మంలోంచి ఇసుకలోకి దిగింది. రేకు గోడలు దాటగానే ఫోన్‌లో గీతలన్నీ నిండాయి. అప్పుడే మోగింది. ఎత్తింది. వెనకాల అరవై మంది, చేతిలో కూజా.

హయా చూపు కూజా మీదే ఆగింది.

"అమ్మ కూజాతో లోకమంతటికీ కాఫీ పోస్తున్నావన్నమాట. పరాయిదాన్ని నేనొక్కదాన్నేనా?"

"నువ్వు రావని..." అంది ముదీ. అందరూ చూస్తుండగానే ఏడ్చింది.

"పిలిచావా మరి?"

"దీపం వెలుగుతోందక్కా. చూడు." ఫోన్ పైకెత్తింది.

హయా ముక్కు తుడుచుకుంది. "విందులో పొట్టేలు కాలేయం నాకుంచండి. బయల్దేరుతున్నా."

మధ్యాహ్నం అక్కాచెల్లెళ్లు ఒకే పళ్లెం ముందు కూర్చున్నాక, దుఐజ్ స్తంభం వైపు మెచ్చుకోలుగా చూశాడు.

"మంచి యంత్రంలా ఉందే, అబూ గాజీ. పనిచేస్తోందా?"

"చూశావుగా," అన్నాడు ఫలాహ్. కారవాన్ లోపల బిగించాల్సిన సగం ఇంకా అట్టపెట్టెలోనే ఉందని మాత్రం చెప్పలేదు.