కుడివైపు సున్నా

మానవజాతి నిప్పును కనిపెట్టింది, చక్రాన్ని కనిపెట్టింది. రెండింటికీ ముందస్తు అనుమతి తీసుకోలేదు. అటువంటి పొరపాటు మళ్లీ జరగకూడదనే నివాస సంక్షేమ సంఘాలు ఏర్పడ్డాయి.

మూడో అంతస్తు దర్జీకి ఈ చరిత్ర తెలియదు, పాపం. ఆయనకు తెలిసిందల్లా వాళ్లమ్మకు చెవులు సరిగా వినబడవనీ, పగలంతా తాను మిషను ముందు తల వంచుకుంటే ఆవిడకు పాటల పెట్టె తప్ప తోడు లేదనీ. ఆ పెట్టెకున్న వాల్యూమ్ మీట అరిగిపోయింది. తిప్పితే నోరు మూసుకుంటుంది, లేదా ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. మధ్యేమార్గం దానికి చేతకాదు. పైఅంతస్తు లెక్కల మాస్టారి ఫిర్యాదు మీద ఇప్పటికే రెండు నోటీసులు వచ్చాయి. మూడోది వస్తే పెట్టెను సంఘం స్వాధీనం చేసుకుంటుంది. (స్వాధీనమైన వస్తువులను సంఘం ఎంతో భద్రంగా చూసుకుంటుంది. ఎంత భద్రంగా అంటే, వాటిని మళ్లీ చూసినవాళ్లు లేరు.)

"మనుషుల మాటలు వినబడకపోయినా ఫర్లేదురా, పాట లేకపోతే నాకు పొద్దుపోదు" అంది తల్లి.

మర్నాడే దర్జీ రేడియో మెకానిక్ దగ్గరికి వెళ్లి, పాత సెట్టులోంచి పీకిన మూడు కాళ్ల వాల్యూమ్ కంట్రోలు ఒకటి అడిగి తెచ్చాడు. గుండీల డబ్బా ఖాళీ చేసి, మూతకు కన్నం పొడిచి దాన్ని బిగించాడు. పాటల పెట్టె నుంచి వచ్చే తీగ ఒక చివరి కాలికి, స్పీకరుకు పోయే తీగ నడిమి కాలికి, రెండింటి ఎర్తు తీగలూ మిగిలిన కాలికి టంకం పెట్టాడు. అమ్మ వేళ్లకు పట్టు దొరికేలా పైన ఒక చెక్క దారపు రీలు తొడిగాడు. అంతా బాగానే ఉంది గానీ, బట్టను తిరగేసి లోపలి వైపు నుంచి కుట్టడం అలవాటైన చెయ్యి కదా, మూతను కూడా తిరగేసి పనిచేస్తూ కుడి కాలిని ఎడమ అనుకున్నాడు. దాంతో ఎడమకి తిప్పితే శబ్దం పెరిగింది, కుడికి తిప్పితే తగ్గింది.

"ఇదేమిట్రా, ఎడ్డెమంటే తెడ్డెమంటోంది?" అంది తల్లి.

"ఏం కాదులేమ్మా" అని దర్జీ సుద్దముక్కతో మూత మీద ఎడమ చివర పది, కుడి చివర సున్నా వేశాడు. ఆవిడ నాలుగు దగ్గర పెట్టుకుని, స్పీకరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ వారమంతా మాస్టారు ఒక్క ఫిర్యాదు కూడా రాయలేదు.

అదే కొంప ముంచింది. ఫిర్యాదులు ఎందుకు ఆగిపోయాయో విచారించడానికి సంఘం కార్యదర్శి స్వయంగా విచ్చేశాడు. చంకలో రిజిస్టరు, చేతిలో లక్క.

"ఏమయ్యా, ఎవర్నడిగి తగ్గించావు?"

"మీరే కదా సార్, తగ్గించమని రెండు నోటీసులిచ్చారు."

"తగ్గించమన్నాం. తగ్గించడానికి యంత్రం పెట్టమన్నామా? దానికి తొమ్మిదో నమూనా దరఖాస్తు ఉంది."

(అందులో పరికరం పుట్టిన తేదీ, స్వభావం, పూర్వపు వృత్తి రాయవలసిన గడులున్నాయి. మూడో గడిలో దర్జీ 'గుండీలు దాచుట' అని నిజాయితీగా రాశాడు.)

తరువాత తనిఖీ. తనిఖీ వేళలో శబ్దం నిషిద్ధం కనుక కార్యదర్శి పాటల పెట్టెను ఆపించి, డబ్బా మీటను అటూ ఇటూ తిప్పి, 'చక్కగా తిరుగుచున్నది' అని నమోదు చేసుకున్నాడు. అప్పుడు ఆయన చూపు అంకెల మీద పడింది.

"సున్నా కుడివైపు ఏడ్చిందేమిటి?"

"అటు తిప్పితేనే తగ్గుతుంది సార్. ఒక్కసారి పెట్టి వినండి..."

"వినడం నా పని కాదు. పన్నెండో నిబంధన ప్రకారం సున్నా ఎడమనే ఉండాలి. లోకమంతా ఒక దారైతే నీదొక దారా?"

"సరిగ్గా చెప్పరా ఆయనకి" అంది తల్లి.

"చెప్పానమ్మా. ఆయన వినరు."

"అయ్యో, ఈయనకీ చెవుడేనా!" అని ఆవిడ నిజంగానే జాలిపడింది.

కార్యదర్శి దీన్ని రిజిస్టరులో రాయలేదు. సుద్ద అంకెలు చెరిపించి, పెయింటుతో ఎడమ సున్నా, కుడి పది వేయించాడు. మీటను తన చేత్తోనే సున్నా దగ్గర నిలబెట్టి, రీలుకు దారం చుట్టి (దారం దర్జీదే) లక్క సీలు వేశాడు. పక్కన 'శబ్దం అత్యల్పం, శాశ్వతం' అని చీటీ అంటించాడు. సీలు ఊడితే పెట్టె జప్తు అని చెప్పి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

తల్లి పెట్టె ఆన్ చేసింది. కిటికీ అద్దాలు గజగజలాడాయి. బల్ల మీద గుండుసూదులు వాటంతటవే నడిచాయి. ఆవిడ రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"నాకే చెవులు చిల్లులు పడుతున్నాయిరా నాయనా! తగ్గించు!"

"ఆపెయ్యనా అమ్మా?"

"ఆపితే ఇల్లు బావురుమంటుంది. తగ్గించరా!"

తగ్గించాలంటే సీలు తెంపాలి. దర్జీ చేసేది లేక పెట్టె ఆపేశాడు. ఈలోగా మాస్టారు నాలుగేసి మెట్లు దూకుతూ దిగొచ్చాడు. తిట్టడానికి తెరిచిన నోటితోనే చీటీ చదివాడు, మూత మీది అంకెలు చూశాడు, స్టూలు మీద కూలబడ్డాడు.

"ఎడమ అంటే ఎక్కువా?"

"అవునండీ. తప్పు నాదే, కుట్టు తిరగబడింది."

"తప్పు నీది కాదులే. కాగితం తీయి" అన్నాడు మాస్టారు. జీవితంలో మొదటిసారి ఆయన దర్జీ తరఫున రాశాడు: మోత భరించలేకున్నాము, దయచేసి సీలు తీసి, మీటను కొంచెం కుడికి తిప్పుకోనివ్వండి, ముసలావిడ పదకొండు గంటల నుంచి గోడకేసి చూస్తూ కూర్చుంది.

జవాబు పదో రోజున వచ్చింది.

'మీ అర్జీ క్షుణ్ణంగా పరిశీలించబడినది. మీటను కుడికి తిప్పుట అనగా శబ్దమును పెంచుట. శబ్దము పెంచుటకు లిఖితపూర్వకముగా కోరినందున దీనిని మూడవ నోటీసుగా పరిగణించవలెను. పాటల పెట్టెను రేపు ఉదయం అప్పగించగలరు. మీట నిబంధనలకు పూర్తిగా లోబడి ఉన్నందున, దానిని మీ తల్లిగారు ఉంచుకొనవచ్చును.'