మంత్రిగారు నిజంగానే తగ్గారు

ప్రజలు బరువెక్కిపోతున్నారని ప్రభుత్వం కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకునే ప్రభుత్వం కాదు కాబట్టి, 'తేలికైన పౌరుడు, బలమైన ప్రభుత్వం' అనే పథకాన్ని ఆరోగ్యశాఖ మంత్రిగారి నోట ప్రకటింపజేసింది. మంత్రిగారు యాభై దాటిన నిండు మనిషి. ఎక్కడ ప్రెస్‌మీట్ పెట్టినా ఆయనకి చేతులు లేని కుర్చీ వెతికి వేయడం ఆనవాయితీ.

"ముందు మీరు తగ్గుతారా సార్?" అని వెనక వరసలోంచి ఒక విలేకరి అడిగాడు.

"నాతోనే మొదలు. ఏడాది తిరిగేసరికి సగం మనిషినై మీ ముందుకొస్తా," అన్నారు మంత్రిగారు.

అందరూ చప్పట్లు కొట్టారు. ప్రభుత్వ హామీకి ఎంతసేపు కొట్టాలో అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. మంత్రిగారు తగ్గుతున్నట్టు మూడు నెలలకోసారి నివేదిక పంపే ఏర్పాటు కూడా శాఖ చేసేసింది. వ్యవహారం అక్కడితో సవ్యంగా ముగిసిపోవలసింది.

ముగియకపోవడానికి కారణం మంత్రిగారి భార్య. సాయంత్రం ఆ వార్త టీవీలో చూసి ఆవిడ నవ్వింది.

"ఎందుకా నవ్వు?"

"ఏం లేదండీ. పెళ్ళినాటి నుంచీ మీ హామీలు వింటున్నా కదా."

ప్రతిపక్షం మంత్రిగారిని ఎన్నో అంది. పత్రికలు ఎన్నో రాశాయి. ఏదీ తగల్లేదు. ఇది తగిలింది.

మర్నాడు పొద్దున్నే నడక మొదలుపెట్టారు. మొదట్లో బంగళా గేటు దాకా నడిచి, వెనక్కి కారులో వచ్చారు. తర్వాత కారుని వెనకాలే రమ్మన్నారు. కొన్నాళ్ళకి కారుని ఇంటి దగ్గరే ఉండమన్నారు. ప్రారంభోత్సవాల్లో ప్లేటు పక్కకి నెట్టారు. విందుల్లో మంచినీళ్ళు తాగి లేచారు. ఒకసారి కేబినెట్ మీటింగులో ఆకలికి ఆగలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అప్పుడు వరద బాధితుల మీద చర్చ జరుగుతోంది కాబట్టి, మర్నాడు పత్రికలు ఆయన మెత్తని మనసుని మెచ్చుకున్నాయి.

ఏడాది తిరిగేసరికి ఆయనలోంచి ఒక గుమాస్తా అంత బరువు బయటికి వెళ్ళిపోయింది. రాజకీయాల్లోకి వచ్చాక ఆయన నెరవేర్చిన మొదటి హామీ అదే. ఒక పొద్దున వరండాలో కూర్చుని, వంగి, తన బూటు లేసు తానే కట్టుకున్నారు. ఆ తర్వాత కాలు మీద కాలు వేసుకున్నారు. అధికారంలో ఉండి కూడా ఇన్నేళ్ళూ అది కుదరలేదు.

భార్య కాఫీ కప్పుతో గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అన్నంత పనీ చేశారే," అంది మెల్లగా.

మంత్రిగారు లేసు విప్పి, ఆవిడ చూస్తుండగా మళ్ళీ కట్టారు.

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. పరామర్శలు మొదలయ్యాయి. వచ్చినవాళ్ళు అడుగుల చప్పుడు కాకుండా నడిచేవారు. ఆయన చెయ్యి పట్టుకుంటే వదిలేవారు కాదు.

"ఏ డాక్టరు చూస్తున్నాడన్నా?" అడిగాడు పార్టీ కార్యదర్శి.

"ఎవరూ చూడట్లేదయ్యా."

"అప్పుడే చేతులెత్తేశారా," అంటూ కార్యదర్శి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నడిచి తగ్గానయ్యా. తిండి తగ్గించాను."

"అవునన్నా. సయించదు పాపం."

మంత్రిగారి బావమరిది ముందుచూపు గల మనిషి. నియోజకవర్గమంతా ఇల్లిల్లూ తిరిగి, బావగారి ఆశయాలు తాను నెరవేరుస్తానని చెప్పి వచ్చాడు. అక్కని ధైర్యంగా ఉండమన్నాడు.

"ఆయన నీకంటే చురుగ్గా ఉన్నారు కదరా," అంది ఆవిడ.

"చివర్లో అలాగే ఉంటుందక్కా."

సచివాలయం గేటు దగ్గర కొత్త కాపలాదారు మంత్రిగారిని ఆపేశాడు. లోపల నిలబెట్టిన ఆయన కటౌట్‌ని ఆయనకే చూపించాడు.

"మంత్రిగారంటే అదీ. మీరు అందులో సగం లేరు."

"సగమే అవుతానని చెప్పాను కదయ్యా."

"ఎవరికి?"

"అందరికీ."

కాపలాదారు జాలిగా చూసి, నీడలో కూర్చోమన్నాడు.

చివరికి కబురు పైనుంచే వచ్చింది. ప్రభుత్వాన్ని నడిపే ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. పథకం వార్షికోత్సవ సభకి పెద్దాయన స్వయంగా వస్తున్నారట. మంత్రివర్గంలో మార్పు ఉంటే ఆ వేదిక మీదే ప్రకటిస్తారట. బావమరిది కొత్త కోటు కుట్టించుకున్నాడు.

"జనానికి భరోసా కావాలి సార్," అన్నాడు మంత్రిగారి పి.ఎ. తలుపు దగ్గరగా వేసి. "పాత సార్ కనబడాలి."

"సభ బరువు తగ్గడం గురించి కదయ్యా."

"దాని గురించి మాట్లాడండి సార్, ఎవరొద్దన్నారు? తగ్గి కనబడొద్దు, అంతే."

దర్జీ వచ్చి, దూది కూరి కుట్టిన బనియను తొడిగాడు. దాని మీద పాత చొక్కా, పాత కోటు చక్కగా సరిపోయాయి. భార్య గుండీలు పెట్టింది. మొహంలోకి మాత్రం చూడలేదు.

మంత్రిగారు ఉక్కకి ఆయాసపడుతూ వేదిక మెట్లెక్కగానే జనం లేచి నిలబడ్డారు. "బతికి బట్టకట్టాడు," అని ముందు వరసవాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్నారు. మంత్రిగారు మైకు అందుకున్నారు. మితంగా తినమన్నారు, రోజూ నడవమన్నారు. తన ఆకలి, తన కాళ్ళనొప్పులు, లేసు కట్టుకున్న ఆ పొద్దు, అన్నీ చెప్పారు. ఆయన ఉపన్యాసాలన్నింటిలో ఒక్క అబద్ధం కూడా లేనిది అదొక్కటే. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. బావమరిది మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు.

"ఈయన ఎక్కడికీ పోడు. నా ప్రభుత్వానికి ఈయనే నిండుదనం," అని పెద్దాయన ప్రకటించి, రెండు చేతులూ చాచి మంత్రిగారిని కౌగిలించుకున్నారు. ఫొటోగ్రాఫర్లు ఎగబడ్డారు. మంత్రిగారు కూడా వినయంగా పెద్దాయన నడుము చుట్టూ చెయ్యి వేశారు. వేళ్ళు మెత్తగా లోపలికి దిగిపోయాయి. ఎంత దిగినా మనిషి తగల్లేదు.

"నీ దర్జీ ఎవరయ్యా?" అని పెద్దాయన జనం వైపు నవ్వుతూనే చెవిలో అడిగారు. "మావాడి కుట్టు దురద పెడుతోంది."

పక్క కుర్చీలో ఉన్న ఆర్థికమంత్రిగారు కూడా ఆ పేరు వినడానికి కాస్త ముందుకి వంగారు.