పాత ప్రోగ్రాముకు పెద్దదిక్కు

ఆ ఉదయం మూటలాయన పెట్టుకున్న పని చిన్నదే. ఎవరెవరో రాసిన ప్రోగ్రాములను మూటకట్టి, జనం ఉచితంగా వాడుకునే ఒక సాఫ్ట్‌వేర్ సంకలనంలో చేర్చడం అతని వ్యాపకం. ఇంట్లో ఆ పేరు పడింది అందుకే. చీటీలు ముద్రించే ప్రోగ్రాము కొత్తది వచ్చింది. స్నానానికి లేచేలోపు కట్టేద్దామనుకున్నాడు.

తీరా చూస్తే, రచయిత దాన్ని వేరే కంప్యూటర్ భాషలో మొదటినుంచీ తిరగరాశాడు. ఆ ఒక్కదాని వెనకే, పెళ్ళివారి బస్సు దిగినట్టు, అది నడవాలంటే కావలసిన వందల చిల్లర ప్రోగ్రాములు దిగాయి. అన్నింటికీ మూటలు కట్టాలి. అతనికి ఒళ్ళు మండింది. రచయితకు కొత్త మోజు పట్టిందని, వాడేవాళ్ళను గాలికొదిలేశాడని నలుగురూ చదివే చర్చావేదికలో ఎడాపెడా రాసిపారేశాడు. పాతదాన్ని వదిలేది లేదని, దాని బాగోగులు తనే చూసుకుంటానని మాటిచ్చాడు.

శభాష్‌లు కురిశాయి. మధ్యాహ్నానికి మరో రెండు సంకలనాల వాళ్ళు, మీరుండగా మాకేం భయమంటూ పాతదానితోనే ఆగిపోయారు. రచయితేమో, పాతదాని సంగతులేవైనా ఈయన్నే అడగండని తన పేజీలో పెట్టేశాడు. మూటలాయన ఆ వాక్యాన్ని భార్యకు రెండుసార్లు చదివి వినిపించాడు.

అంతలో మందుల షాపు నుంచి వదిన ఫోను. సీసాలకు ఆమె అంటించే చీటీలు ఆ పాత ప్రోగ్రాములోంచే వస్తాయి. ఒకరి పేరు కింద ఇంకొకరి మోతాదు పడుతోందట. అంటించబోతూ చూసుకుంది కాబట్టి సరిపోయింది.

"దానికిప్పుడు పెద్దదిక్కువి నువ్వేనటగా మరిదీ, మీ ఆవిడ చెప్పింది. కాస్త తొందరగా చూడు, జనం నించున్నారు."

మూటలాయన ఆ ప్రోగ్రాము లోపలికి మొదటిసారి తొంగిచూశాడు. ఇన్నేళ్ళూ మూట కట్టాడే గాని చదివిందెప్పుడు? ఆ భాష అతనికి రాదు. చూస్తున్నానని వదినకు నసిగి, పొద్దున తిట్టిపోసిన రచయితకే ఫోను చేశాడు.

రచయిత కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"ఆ తప్పు నాకూ తెలుసండీ, ఎక్కడుందో ఎంతకీ దొరకలేదు. నేను రాసింది నాకే అర్థంకాక కొత్త భాషలో మళ్ళీ రాసుకున్నాను. మీరు చూసుకుంటానన్నారు చూడండీ, అర్థమైన మనిషి ఒకరు దొరికారని మా ఇంట్లో అందరికీ చెప్పాను."

"నాకా భాషే రాదండీ," అన్నాడు మూటలాయన.

 "పోనీలెండి," అన్నాడు రచయిత, చిన్నపిల్లాణ్ణి ఊరడించినట్టు.

అదే వేదికలో మూటలాయన, పాతదాన్ని ఎవరూ వాడొద్దని, తెలియకుండా మాటివ్వడం తన తప్పేనని రాశాడు. అక్కడివాళ్ళు తలా కొన్ని పంచుకుని కొత్త మూటలు కట్టడం పూర్తయ్యేదాకా, వదిన కౌంటరు పక్కన తలొంచుకుని చీటీలు చేత్తో రాశాడు. ఒక్కొక్కదాన్నీ ఆమె డాక్టరు కాగితంతో పోల్చి చూశాకే సీసాకు అంటించింది.