గళ్లు లేని యుద్ధం

ఆ శనివారం పొద్దున ఆర్విడ్ లిండ్‌హోమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. గుమ్మం ముందు మంచు ఎత్తిపోయాలి, కాఫీ తాగాలి, పదింటికల్లా చర్చి కింది హాలుకు వెళ్లి డ్రాగన్‌ను చంపించాలి. మూడేళ్లుగా తాను నడుపుతున్న కథకు అదే చివరి రోజు. అందుకోసం డ్రాగన్ బొమ్మకు నెలరోజులు కూర్చుని రంగులు వేశాడు. ఆ బొమ్మనూ, గళ్లు గీసిన రెక్సిన్ పటాన్నీ తలుపు పక్కనే పెట్టుకున్నాడు. తీరా బయల్దేరేటప్పుడు రెండింటినీ అక్కడే వదిలేశాడు. మరిచిపోయి కాదు, పౌరుషం కొద్దీ.

ఆ పౌరుషానికి కారకుడు వెండెల్. ఊరంతటికీ ఉత్తరాలు పంచే మనిషి. విస్కాన్సిన్‌లోని ఆ చిన్న ఊళ్లో ఈ ఆట ఆడేవాళ్లు ముగ్గురే. ఆర్విడ్ కథ చెబుతాడు. వెండెల్ అందులో గనుల్లో పుట్టి గొడ్డలి పట్టిన మరగుజ్జు, పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తూ, పిలుపొస్తే ఊరి అంబులెన్సుకూ వెళ్లే కొరిన్ అందులో విలుకత్తె. తామేం చేస్తామో వాళ్లు చెబుతారు, అది కుదిరిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అంతవరకూ పేచీ లేదు. పేచీ అంతా యుద్ధం వచ్చినప్పుడే.

"కథ, కథ అని ఊరికే అంటావు గానీ, కత్తి తీయగానే నువ్వు చేసేదేంటి?" అన్నాడు వెండెల్ ముందు వారం. "పటం పరుస్తావు, బొమ్మలు పెడతావు, ఆరు గళ్లు జరగమంటావు. మా అమ్మ ఆడే చెకర్సూ ఇదే. ఇది బోర్డు ఆట కాకపోతే మరేంటి?"

"చెకర్స్ బిళ్లకి పేరుంటుందా? దానికో బాధ ఉంటుందా?"

"నా మరగుజ్జుగాడికి మాత్రం ఏం బాధ ఏడిసింది? వాడికున్నది ఒక గొడ్డలి, నలభై ప్రాణాలు."

"మీ వాదన తేలేలోపు ఆ డ్రాగన్ ముసలిదై చచ్చేట్టుంది," అంది కొరిన్. "ఇంతకీ ఇప్పుడు నా వంతేనా?"

ఆర్విడ్‌కు ఆ మాట వారమంతా ముల్లులా గుచ్చుకుంది. ఇరవై ఏళ్లుగా కథలు అల్లుతున్నవాణ్ని పట్టుకుని బోర్డు ఆట అంటాడా? గళ్లు తీసేసి, అంతా మాటల్లోనే నడిపించి వీడి నోరు మూయించాలని నిశ్చయించుకున్నాడు.

హాలు సంగతి కూడా చెప్పాలి. దాని తాళాలు మార్లిస్ గారి దగ్గర ఉంటాయి, ఆట ఉన్న రోజున ఆర్విడ్ అడిగి తీసుకుంటాడు. వెనకెప్పుడో ఒక నాటక బృందం ఆ హాలు పక్కనున్న వంటగది తలుపు ఊడబెరికి కోటగుమ్మం చేసుకుందట. అప్పటినుంచీ ఆవిడ నియమం ఒకటే. బోర్డు ఆటలకూ పేకాటకూ అయితే హాలు ఇస్తారు, నాటకమంటే చర్చి పెద్దల సంఘం ఒప్పుకోవాలి. "మీది బోర్డు ఆటేగా?" అని ఆవిడ అడిగిన రోజున ఆర్విడ్ ఆ మాట నోటితో అనలేక తల మాత్రం ఊపాడు. ఊపక చేసేదేముంది? ఆర్విడ్ ఇంట్లో నాలుగు కుక్కలు, దొరికిన బొమ్మనల్లా నమిలేస్తాయి. కొరిన్ ఇంట్లో కవలలు. వెండెల్ ఇంట్లో వాళ్లమ్మ. ఆ హాలు పోతే ఆట పోయినట్టే.

పదింటికి, డ్రాగన్ కాపురమున్న పాత సమాధిలో యుద్ధం మొదలైంది. పది నిమిషాల్లో రచ్చా మొదలైంది.

"నేను స్తంభం వెనకాల నక్కాను," అంది కొరిన్.

"స్తంభం గుమ్మం పక్కన కదా? అక్కడ నేనున్నాను," అన్నాడు వెండెల్.

"నువ్వు గుమ్మం దగ్గరుంటే మంట తగిలి మాడిపోయావు," అన్నాడు ఆర్విడ్.

"ఎందుకు మాడతాను? డ్రాగన్ ఆ చివరన్నావుగా!"

"ఏ చివర?"

ముగ్గురూ మూడు వైపులు చూపించారు. ఆర్విడ్ మనసులో ఉన్న సమాధిలో అసలు గుమ్మమే లేదు. అరగంట కొట్టుకున్నాక కొరిన్ నేలకేసి చూసింది. హాలు నిండా అడుగు వెడల్పు పలకలు, బూడిదరంగు ఒకటి, తెలుపు ఒకటి.

"ఎవరెక్కడున్నారో వీటి మీదే నిలబడి చూసుకుందాం."

"గళ్లు వద్దన్నానా?"

"ఇవి గళ్లు కాదు బాబూ, నేల."

ఆర్విడ్ ఆ మాట పట్టుకుని పరువు దక్కించుకున్నాడు. కుర్చీలు స్తంభాలయ్యాయి. వెండెల్ మఫ్లర్ గొయ్యి అయింది. చక్రాల బల్ల మీదున్న చర్చివారి పెద్ద కాఫీ పాత్ర డ్రాగన్ అయింది. ఆట ఎంత బాగా సాగిందంటే, మూడో దెబ్బకే వెండెల్ మరగుజ్జు కూలిపోయాడు.

"పడ్డావు. పడుకో," అన్నాడు ఆర్విడ్.

"పడ్డవాడికి ఒక గడే," అని వెండెల్ తనంత మనిషీ మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ఒక్క పలకలో ముడుచుకున్నాడు.

"చావబోతున్నవాడివి, నోరు మూసుకో. నీ వంతు వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడినా ఊరుకోను."

పడినవాడు తన వంతు వచ్చినప్పుడల్లా పాచిక వేయాలి. మూడుసార్లు తప్పితే పోయినట్టే. వెండెల్‌కు అప్పటికే రెండు తప్పాయి. సరిగ్గా అప్పుడే మార్లిస్ గారు మర్నాటి విందుకు వండిన బంగాళాదుంపల గిన్నె పట్టుకుని మెట్లు దిగి వచ్చారు.

"అయ్యో, వెండెల్! ఏమైంది నాయనా?"

వెండెల్ నియమం తప్పే మనిషి కాడు. పలకలేదు.

"కొరిన్, పడి ఎంతసేపైంది?"

"రెండు వంతులైందండీ," అంది కొరిన్, కళ్లు కాఫీ పాత్ర మీదనే పెట్టి. "ఇంకోటి తప్పితే పోతాడు."

"పోతాడా? మరి చూడవేం? ఊరి అంబులెన్సులో పనిచేస్తావు కదా!"

"నా వంతు రాలేదండీ."

మార్లిస్ గారు గిన్నె అక్కడే నేల మీద పెట్టి, ఆ వయసులో మెట్లు రెండేసి ఎక్కి ఫోను దగ్గరకు పరుగెత్తారు. ఎందుకో పాపం అని కూడా ఎవరూ అనుకోలేదు. గిన్నె పెట్టిన గడి డ్రాగన్ దారికి అడ్డమా కాదా అని ఆర్విడ్ ఆలోచిస్తున్నాడు.

కాసేపటికి కొరిన్ నడుముకున్న, అంబులెన్సు పిలుపులు వినిపించే పేజర్ మోగింది. "లూథరన్ చర్చి కింది హాలు. యాభై ఏళ్ల మగమనిషి పడిపోయాడు. పక్కనున్నవాళ్లు పట్టించుకోవడం లేదు."

"ఎంత రాతిగుండె మనుషులు!" అంది కొరిన్. అని, వెండెల్‌ను దాటుకుంటూ వెళ్లి, పడిపోయిన మనిషి కోసం వంటగదిలో వెతికింది.

అగ్నిమాపక కేంద్రం వీధికి అవతలే. సైరన్ ఆగకముందే ఆ కేంద్రం పెద్ద హార్లన్, ఇంకో మనిషి స్ట్రెచర్‌తో దిగారు.

"హార్లన్, ఆగు! గొయ్యి!" అని అరిచాడు ఆర్విడ్.

గొయ్యి అన్న మాట వింటే ముప్పై ఏళ్ల అలవాటు ఆగనిస్తుందా? హార్లన్ గాలిలో ఉన్న కాలు వెనక్కి తీసుకున్నాడు. వెనకవాడు స్ట్రెచర్‌తో అతని నడుములో పొడిచాడు. ఇద్దరూ మఫ్లర్ చుట్టూ జాగ్రత్తగా తిరిగి వెండెల్ దగ్గరకు చేరారు.

"ఒరేయ్ వెండెల్, ఎలా ఉందిరా?"

వెండెల్ ఒక కన్ను తెరిచి ఆర్విడ్‌ను చూశాడు. "నా వంతు వచ్చిందా?"

అసలు సంగతి తెలిశాక మార్లిస్ గారు ముందు కుర్చీలో కూలబడ్డారు. తర్వాత లేచారు. "నా గుండె ఆగినంత పనైంది. సిగ్గుండాలి మీకు! ఆర్విడ్, ఒక్కటే అడుగుతాను. ఇది బోర్డు ఆటేనా? పైన చర్చి ఉంది, ఆలోచించి చెప్పు. కాదంటే తాళాలు ఇప్పుడే ఇచ్చెయ్."

నేల మీద వెండెల్ తల ఎత్తి చెవి ఒగ్గాడు. ఆర్విడ్‌కు నాలుగు కుక్కలూ గుర్తొచ్చాయి.

"బోర్డు ఆటేనండీ."

"ఇంకోసారి," అన్నాడు వెండెల్ కింద నుంచి.

"బోర్డేది మరి?" అన్నారు మార్లిస్ గారు.

"మీరు నిలబడింది దాని మీదేనండీ."

మార్లిస్ గారు కాళ్ల కింద చూశారు. కుర్చీలను చూశారు. బుధవారాలు ఇదే హాల్లో ఆడే చెకర్స్‌లో ఆవిణ్ని ఓడించినవాడు ఊళ్లో లేడు. "ఈ కాఫీ పాత్ర ఎన్ని గళ్లు జరుగుతుంది?"

"ఎనిమిదండీ."

"మరి ఈ కుర్చీ చుట్టూ తిరిగొచ్చి కొరిన్‌ని కాల్చదేం? నిద్రపోతోందా?"

ఆ దారి ఆర్విడ్‌కు తట్టనే లేదు. కొరిన్ మొహం పాలిపోయింది.

"సరే, బోర్డు ఆటే," అని తేల్చారు మార్లిస్ గారు. "త్వరగా ముగించి నా కాఫీ పాత్ర నాకివ్వండి."

హాలు దక్కింది. ఆర్విడ్ ఊపిరి పీల్చుకుని పాచిక వెండెల్ చేతికిచ్చాడు. వెండెల్ వేశాడు. ఒకటి పడింది. మరగుజ్జు పోయాడు. పోయేవాడు చివరిమాట చెప్పుకోవచ్చని ఆర్విడ్ పెట్టిన నియమం ఒకటుంది. మూడేళ్లలో ఎవరికీ దాని అవసరం రాలేదు.

వెండెల్ లేచి కూర్చుని కొరిన్ చెయ్యి పట్టుకున్నాడు. గొంతు మారిపోయింది. "పిల్లా, మూడేళ్లు నీ పక్కన నడిచాను. ఒక్కనాడైనా మంచిమాట చెప్పలేదు, నాకు చెప్పడం రాదు. ఈ గొడ్డలి మా గని దగ్గర మా అమ్మకివ్వు. గెలిచామని చెప్పు. గెలవకపోయినా గెలిచామనే చెప్పు."

కొరిన్ వెక్కివెక్కి ఏడ్చింది. హార్లన్ టోపీ తీశాడు. మార్లిస్ గారు గిన్నె మీది గుడ్డతో కళ్లొత్తుకున్నారు. ఒత్తుకుని, గుడ్డ మడిచి, గొంతు సవరించుకున్నారు.

"చెకర్స్‌లో బిళ్ల పోతే డబ్బాలో పడేస్తాం. అది వాళ్లమ్మని తలుచుకోదు. ఇది నాటకం, ఆర్విడ్. తాళాలివ్వు."

"కాదండీ! బోర్డు ఆటే! గళ్లు చూశారుగా, మీరే లెక్కపెట్టారు!" అని ఆర్విడ్ మొత్తుకున్నాడు.

"గళ్లేంటి నీ మొహం!" అని వెండెల్ కళ్లు తుడుచుకుంటూ లేచాడు. "అక్కడ ఒక మనిషి పోతే గళ్లంటావా? ఇది కథ!"

"నువ్వు చచ్చావు, మాట్లాడకు!"

"నాటకమంటే పెద్దల సంఘం ఒప్పుకోవాలి కదండీ?" అంది కొరిన్ ముక్కు చీదుకుంటూ. "ఇంతకీ ఆ సంఘంలో ఎవరున్నారు?"

హార్లన్ చెయ్యెత్తాడు. "నేనున్నాను. నాకు ఒప్పుదలే. ఆ డ్రాగన్ సంగతి తేలకుండా నేను కదలను."

సంఘానికి అధ్యక్షురాలు మార్లిస్ గారే. ఆవిడ వెండెల్‌ను ఎగాదిగా చూశారు. "ఈస్టర్ నాటకంలో ప్రభువు సమాధికి కాపలా కాసే భటుడి వేషానికి మనిషి లేడు. సమాధి మూసిన రాయి దొర్లగానే భయంతో చచ్చినవాడిలా పడిపోవాలి. వెండెల్ వేస్తానంటే హాలు మీదే."

మరుసటి శనివారం కొత్త కథకు ఆర్విడ్ గళ్ల పటం మళ్లీ తెచ్చి పరిచాడు, ఎవరూ ఏమీ అనలేదు. ఈస్టర్ వేషానికి వెండెల్ వెంటనే ఒప్పుకున్నాడు గానీ, తాను పడాల్సింది ఏ గడిలోనో మాత్రం ముందే చెప్పమన్నాడు.