చుక్కక్క నేర్పిన చిటి భాష

ఆ రోజు ఉదయం ఆమె పెట్టుకున్న పని చిన్నదే. పిల్ల బడికి వెళ్ళేలోగా ఇస్త్రీ ముగించాలి. వెళ్ళాక కూర్చుని, పొట్టి జుట్టుకి ఎన్ని రకాల జడలు వేసుకోవచ్చో ఒక పేజీ రాయాలి. మధ్యాహ్నానికి పంపేస్తే సాయంత్రమంతా ఖాళీ. ఆ ఖాళీలో ఏం చెయ్యాలో కూడా ఆలోచించి పెట్టుకుంది. హాయిగా నిద్రపోవాలి.

ఆమె రాసేది ఒక వారపత్రికకి. బొమ్మలతో ఆడడం మానేసి, మానేశామని అందరికీ చెప్పుకు తిరిగే వయసు ఆడపిల్లల పత్రిక అది. అందులో చివరి పేజీ ‘చుక్కక్క’ది. స్నేహితురాలు అలిగితే ఏం చెయ్యాలి, ముక్కు మీద మొటిమ వస్తే బయటికెలా వెళ్ళాలి, కొత్త బడిలో ఎవరి పక్కన కూర్చోవాలి, అన్నీ చుక్కక్కే చెబుతుంది. పేజీ పైన పోనీటెయిల్‌తో నవ్వుతున్న ఇరవయ్యేళ్ళ అమ్మాయి బొమ్మ ఉంటుంది. అసలు చుక్కక్కకి నలభై దాటాయి, నడుం నొప్పి ఉంది, పదకొండేళ్ళ కూతురుంది. ఊళ్ళో పిల్లలందరూ చుక్కక్కకి మనసు విప్పి చెప్పుకుంటారు. సొంత కూతురు మాత్రం "ఊఁ", "ఏం లేదు", "తర్వాత" అనే మాటలతోనే నెట్టుకొస్తోంది. పైగా ఆ పేజీ రాసేది తన తల్లేనని ఎవరికీ చెప్పకూడదని ఒట్టు వేయించుకుంది. "అది చిన్నపిల్లల పత్రికమ్మా, నా పరువు పోతుంది" అంది.

ఇస్త్రీ సగంలో ఉండగా సంపాదకుడు ఫోన్ చేశాడు. అరవై దాటిన మనిషి, అయినా ఆమెని చుక్కక్క అనే పిలుస్తాడు.

"చుక్కక్క గారూ, కొంప మునిగింది. జడలు వద్దు. షాంపూ వాళ్ళ ప్రకటన వచ్చింది, వాళ్ళవీ జడలే. ఇంకేదైనా రాసివ్వండి, గంటలో."

"గంటలో ఏం పుడుతుందండీ?"

"ఇంట్లోనే ఓ పిల్లని పెట్టుకుని నన్నడుగుతారేంటి? కాస్త తొంగి చూడండి."

తొంగి చూడాల్సిన అవసరం ఆమెకి లేదు, చెవులు చాలు. పక్క గదిలో కూతురూ, కలిసి బడికి వెళ్ళడానికి వచ్చిన ఇద్దరు స్నేహితురాళ్ళూ కబుర్లలో ఉన్నారు. ఎప్పుడూ అద్దం ముందే నిలబడుతుంది కనక ఒకమ్మాయి పేరు అద్దం. గలగలా వాగుతుంది కనక రెండో అమ్మాయి పిచ్చుక. ముగ్గురూ మాట్లాడుతున్నది మామూలు తెలుగు కాదు. అక్షరం అక్షరానికీ ముందు ‘క’ చేర్చే క భాష మనందరం చిన్నప్పుడు మాట్లాడినదే. వీళ్ళు దాన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. ఒక మాటలో ప్రతి అక్షరం ముందూ ‘చి’, ఆ పక్క మాటలో ‘టి’. పేరు చిటి భాష. పెద్దవాళ్ళకి ఈ జన్మలో అర్థం కాదని వాళ్ళ ధీమా.

ఈ పెద్దావిడకి మాత్రం అర్థమై చాలా కాలమైంది. తలుపు ఇవతల బట్టలు మడతపెడుతూ, మడతపెట్టినవే విప్పి మళ్ళీ మడతపెడుతూ, ఆ భాష గుట్టు పట్టేసింది. ఈత క్లాసంటే పిల్లకి వణుకని అలాగే తెలిసింది. మర్నాడే బడికి ఫోన్ చేసి, జలుబు చేసిందని చెప్పేసింది. పాత బ్యాగు చూసి ఎవరో నవ్వారని కూడా అలాగే తెలిసింది, వెంటనే కొత్తది కొంది. తన తెలివికి తనే మురిసిపోయింది గానీ, విన్న సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు అదే అక్కరకొచ్చింది. ‘మీకో రహస్య భాష!’ అని శీర్షిక పెట్టి గబగబా రాసేసింది. ఉదాహరణ ఒకటి ఉండాలి కదా. ఆలోచించే తీరిక లేక, తన అడుగుల చప్పుడు వినగానే పిల్లలు అనుకునే మాటే దింపేసింది: "చిఅచిమ్మ టివటిస్తోంటిది, చిమాచిట టిమాటిర్చు." అమ్మ వస్తోంది, మాట మార్చు అని అర్థం. ఎందుకో మనసు పీకింది. మా పిల్ల ఈ పత్రిక ముట్టుకోదులే అని సర్దిచెప్పుకుని పంపేసింది.

పత్రిక వచ్చింది. కూతురు ముట్టుకోలేదు, నిజమే. మిగతా క్లాసంతా ముట్టుకుంది. సైన్సు టీచరు కూతురు కూడా చదివి, ముచ్చటపడి తల్లికి నేర్పింది. టీచరు బోర్డు మీద ఆకు బొమ్మ గీస్తూండగా మనమ్మాయి అద్దం చెవిలో, "చిగంచిట టికొటిట్టటిరేం?" అని విసుక్కుంది. గంట కొట్టరేం అని. టీచరు వెనక్కి తిరగలేదు, సుద్దముక్క ఆపలేదు.

"చిబచియచిటచికి టిపొంటిడి" అంది. బయటకి పొండి అని.

కిసుక్కుమన్న పిచ్చుకతో సహా ముగ్గురూ బయటే నిలబడ్డారు. సాయంత్రం టీచరు ఇంటికి ఫోన్ కూడా చేసింది.

"ఏదో పత్రికలో వచ్చిందటండీ. పిల్లల్ని ఇలా చెడగొట్టేవాళ్ళని ఏమనాలో మీరే చెప్పండి!"

"ఏదో ఒకటి అనాల్సిందేనండీ" అంది చుక్కక్క నీరసంగా.

భోజనాల దగ్గర తండ్రి తన వంతు చేశాడు. భార్య రాసిన పేజీ చదవడం అతనికి అదే మొదటిసారి. చదివినట్టు చూపించుకోవాలి కదా, "చిఉచిప్పు టిఇటివ్వు" అని కూతురి వైపు చెయ్యి చాపాడు. పిల్ల ఉప్పు గిన్నె వంకా, తండ్రి వంకా చూసి కంచం ముందు నుంచి లేచిపోయింది. తండ్రులు ఉప్పు అడగడం మొదలుపెట్టిన భాషలో ఇంకేం రహస్యం మిగులుతుంది?

కాసేపటికి పత్రిక పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "ఇది నీకెవరు చెప్పారమ్మా?"

నేనే విన్నానే అంటే సరిపోయేది. ఓ పూట ఏడుపూ, రెండు రోజుల అలకా, అంతటితో పోయేది. ఆ తర్వాత ఎన్నిసార్లు తల్చుకున్నా ఆమెకి అర్థం కానిది అదే, ఎందుకు అనలేకపోయానా అని.

"ఎవరో పాఠకురాలు పంపింది బుజ్జీ" అంది.

కూతురు ఆమె ముఖంలోకి కాస్త ఎక్కువ సేపే చూసింది. "ఓహో" అని వెళ్ళిపోయింది.

చెప్పిన అబద్ధం ఊరికే నిలబడదు, దానికో ఆసరా కావాలి. మర్నాడు సంపాదకుడికి ఫోన్ చేసింది. "ఆ భాష ఎక్కడో దూరపు ఊరి పాఠకురాలు పంపిందని ఒక్క ముక్క వెయ్యండి, మీకు పుణ్యముంటుంది."

ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. పై వారం చుక్కక్క బొమ్మ పక్కనే రంగుల అక్షరాల్లో వేశాడు: ‘చిటి భాషని చుక్కక్క చెవిలో వేసింది మన పన్నెండేళ్ళ పాఠకురాలే!’ దూరపు ఊరు చోటు చాలక ఎగిరిపోయింది.

"మరి పన్నెండేళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయండీ?" అంది ఆమె గుండె పట్టుకుని.

"వయసు వెయ్యకపోతే నమ్మరండీ."

ఆ ముగ్గురిలో పత్రిక తెప్పించుకునేది పిచ్చుక ఒక్కతే. ఆ భాష వచ్చిన సంచిక తనకి ఆలస్యంగా అందిందన్నా ఎవరూ వినలేదు. పన్నెండు నిండింది కూడా పిచ్చుకకే. అద్దం అక్కడికక్కడే తీర్పు చెప్పేసింది. పిచ్చుక కాదు కాదంటూ ఎన్ని ఒట్లు పెట్టుకున్నా, ఎంత ఏడ్చినా లాభం లేకపోయింది. మనమ్మాయి తల వంచుకుని ఊరుకుంది. పిచ్చుకతో కటీఫ్ అయిపోయింది.

మర్నాటి నుంచి ఇద్దరే బడికి వెళ్ళారు. వీధికి అవతలి వైపు, వాళ్ళకి కాస్త వెనగ్గా, పిచ్చుక నోరు మెదపకుండా ఒక్కతే నడిచి వెళ్ళడం ఆమె కిటికీలోంచి చూసింది. స్నేహితులు దూరం పెడితే దిగులుపడకు, నిజం తనంతట తనే బయటపడుతుంది అని కిందటేడు చుక్కక్క ఒక పేజీ నిండా రాసింది. ఆ నిజం ఇప్పుడు ఇస్త్రీపెట్టె పట్టుకుని కిటికీ వెనక నిలబడి ఉంది. ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం నేరుగా కూతురి గదిలోకి వెళ్ళి మంచం మీద కూలబడింది.

"పిచ్చుక తప్పేం లేదే. ఎవరూ పంపలేదు. నేనే విన్నాను, నేనే రాశాను, నీతో అబద్ధమాడాను."

కూతురు పుస్తకానికి అట్ట వేసుకుంటోంది. తలెత్తలేదు.

"తెలుసు."

"ఎప్పట్నించీ?"

"పత్రిక చూసినప్పట్నించీ. ‘అమ్మ వస్తోంది, మాట మార్చు’ అని మనింట్లోనే అనుకుంటాం. పిచ్చుకా వాళ్ళింట్లో అనుకోం. వాళ్ళమ్మ తలుపు కొట్టి వస్తుంది."

తల్లి చూపు తలుపు వైపు పోయింది.

"నీకు అర్థమవుతుందని అంతకు ముందే తెలుసులే. నాకు జలుబు చెయ్యకుండానే చేసిందని ఫోన్ చేశావుగా. అప్పట్నించీ నీకు చెప్పాలనుకున్నవి తలుపు దగ్గరికొచ్చి గట్టిగా అనేదాన్ని. బ్యాగు సంగతి కూడా."

"నాతోనే చెప్పచ్చు కదే!"

"చెప్తే సలహాలిస్తావు. అలా అయితే ఊరికే చేసిపెట్టేదానివి."

"మరి తెలిసి కూడా పిచ్చుకని ఎందుకు అననిచ్చావు?"

అట్ట మడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. "మా అమ్మ తలుపు చాటున వింటుందని చెప్పమంటావా? నువ్వే చెప్తావని చూశాను. నువ్వేమో ఇంకో అబద్ధం అచ్చేయించావు." అట్ట పక్కకి నెట్టేసింది. "దానితో మాట్లాడకుండా నాకు మాత్రం బాగుందా?"

ఆ జలుబు ఫోన్ తర్వాత దొంగచాటుగా విన్నాననుకున్న ప్రతి మాటా తనకి చెప్పినదే. పిల్ల తనకోసం అట్టేపెట్టిన ఒకే ఒక్క దారిని, గంటలో పేజీ నింపడానికి అచ్చు వేయించి అమ్మేసింది. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, "పద, దాని దగ్గరికి పోదాం" అంది.

పిచ్చుక తలుపు తీసింది. వాళ్ళ ముందు గది గోడకి చుక్కక్క పేజీలు వరసగా అంటించి ఉన్నాయి. చెప్పిందంతా విని, ఆ బొమ్మల్లోని అమ్మాయినీ, గుమ్మంలో చెమటలు కక్కుతున్న మనిషినీ మార్చి మార్చి చూసింది.

"చుక్కక్కంటే మీరా?"

"నేనేనమ్మా. తప్పైపోయింది."

"పరవాలేదు ఆంటీ" అంది పిచ్చుక, చాలా మర్యాదగా.

ఇన్నేళ్ళూ అక్కా అని పిలిపించుకున్న మనిషికి ఆ ఒక్క మాట ముల్లులా దిగింది. ఆ వెనకే కూతురు ముందుకెళ్ళి పిచ్చుక చెయ్యి పట్టుకుంది. ఏం చెప్పుకున్నారో ఏమో, ఇద్దరూ ఒకరిని పట్టుకుని ఒకరు ఏడ్చారు. అద్దాన్ని కూడా పిలిపించారు. పెద్దవాళ్ళయితే ఏళ్ళు పట్టే పని, చీకటి పడకుండానే తెమిలిపోయింది.

కొన్నాళ్ళకి ముగ్గురూ మళ్ళీ కూతురి గదిలోనే చేరారు, సరికొత్త భాషతో. ఒకరోజు ఆమె ఇస్త్రీ బట్టలు పట్టుకుని తలుపు కొట్టింది, రమ్మన్నాకే లోపలికి వెళ్ళింది. కూతురు స్నేహితురాళ్ళతో అంటున్నట్టుగా, కళ్ళు మాత్రం తల్లి మీదే పెట్టి, ఏదో అంది. నెమ్మదిగా, గట్టిగా, ఒక్కొక్క అక్షరం విడదీసి. అది తనకేనని తల్లికి తెలుస్తూనే ఉంది. ఏదో కావాలో, ఎక్కడో భయమేసిందో, ఒక్క ముక్క అర్థం కాలేదు. అడుగుదామని నోటిదాకా వచ్చింది, అందరి ముందూ అడగలేక బట్టలు మంచం మీద పెట్టేసి బయటికి వచ్చేసింది. ఇన్నాళ్ళూ అర్థమైనా కానట్టు ముఖం పెట్టడం అలవాటైపోవడంతో, తేడా ఎవరికీ తెలియలేదు.